సంజాయిషీ ఎవరికి చెప్పుకోవాలి?

కొలువుకు సంబంధించి తెలుగువారు వాడే మాటలను ఒక్కసారి వరుసగా పేర్చి చూడండి. దరఖాస్తు, హాజరు, రాజీనామా, ఫిర్యాదు, సంజాయిషీ, బర్తరఫు. ఇవన్నీ పారసీ, ఉర్దూ భాషల ద్వారా మన నోటికి చేరినవే. తెలుగు పాఠం చెప్పేవాడిగా నాకు వీటిలో ‘సంజాయిషీ’ అంటే ప్రత్యేకమైన మక్కువ. ఉర్దూలో దీని మూలార్థం నచ్చజెప్పడం, ఎదుటివారికి బోధపడేట్లు చెప్పడం. అంటే ఆ పదంలోనే వినేవాడు ఒకడు ఉన్నాడు. వినేవాడు లేనిదే సంజాయిషీ లేదు. ఫిర్యాదు కూడా అటువంటిదే. పారసీలో అది ఆదుకొమ్మని వేసే కేక. కేక ఎవరి చెవిన పడాలి అన్నది తరువాతి ప్రశ్న. బర్తరఫు మాత్రం ఎవరినీ వినమనదు. ‘ఒక పక్కకు’ అని దాని అర్థం. పక్కకు తొలగించడమే.

ఈ పదాల ముచ్చట కాలక్షేపానికి ఎత్తుకోలేదు. మన కళాశాలలో డిగ్రీ ముగించుకొన్న విద్యార్థినీ విద్యార్థులలో చాలామంది ఈనాడు సర్కారు నౌకరీ కోసం ఎదురుచూడడం మాని ప్రైవేటు కంపెనీలలో చేరుతున్నారు. కొందరు ఎం.బి.ఏ. చదివి ఆ కంపెనీలలోనే ‘హెచ్.ఆర్.’ అధికారులు కావాలని ఉవ్విళ్ళూరుతున్నారు. మొదటివారు సంజాయిషీ రాసుకొనవలసినవారు, రెండవవారు దానిని అడుగవలసినవారు. ఇరువురూ మన బెంచీల మీద పక్కపక్కన కూర్చున్నవారే. కావున ఒక కంపెనీలో ఉద్యోగుల హక్కులకూ విధులకూ సంబంధించిన చట్టాన్ని చేత బట్టుకొన్నవాడు ఎవడు, అతడు ఎవరి మనిషి అన్న ప్రశ్న వార్షిక సంచికకు తగనిదేమీ కాదు.

నాకు ఈ ప్రశ్న కలిగించినవాడు మన పూర్వ విద్యార్థి. బి.కాం. చదివాడు. పట్టణ శివారులో ఒక కర్మాగారంలో స్టోర్సు గుమాస్తాగా చేరాడు. ఆ కర్మాగారం పేరు ఇక్కడ అనవసరం. నాలుగు వందల మంది పనిచేసే చోటు. 2023లో ఒక సాయంత్రం చేతిలో కాగితంతో మా ఇంటికి వచ్చాడు. అది ఆంగ్లంలో ఉన్న ఛార్జిషీటు. తల్లి ఆసుపత్రిలో ఉండగా నాలుగు రోజులు వేళకు ముందే వెళ్ళిపోయాడట. ఆ నాలుగు రోజులూ గేటు రిజిస్టరులో అతని బదులు స్నేహితుడు సంతకం చేశాడట. తప్పే. తప్పు కాదని నేను అనలేదు, అతడూ అనలేదు.

“నువ్వు ముందే వెళ్ళిన సంగతి వాళ్ళకెట్లా తెలిసింది, బాబూ?” అని అడిగాను.

“నేనే చెప్పాను సార్” అన్నాడు. “హెచ్.ఆర్. మేడం పిలిచి కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఇంట్లో ఏమైనా కష్టమా అని అడిగారు. అమ్మ సంగతి చెప్తూ ఇది కూడా చెప్పేశాను. ఆమె ఏదో రాసుకున్నారు. సెలవు సర్దుబాటు కోసమనుకున్నాను.”

ఆ రాసుకొన్న కాగితమే ఛార్జిషీటుకు మొదటి అనుబంధం. దానిమీద సాక్షి సంతకం ఆ మేడందే. సంజాయిషీ పంపవలసిన చిరునామా కూడా ఆమెదే.

నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆమె అబద్ధమాడలేదు. జీతం ఇచ్చేవారికి నిజం తెలియజేయడం ఆమె ఉద్యోగం. నా ఆక్షేపణ ఆమె కూర్చున్న కుర్చీ గురించి. కష్టమేమిటని అడిగిన కుర్చీ, నేరం మోపిన కుర్చీ, సాక్ష్యం చెప్పిన కుర్చీ, జవాబు అందుకొన్న కుర్చీ ఒక్కటే అయినప్పుడు అందులో కూర్చున్న మనిషి ఎంత ఉత్తముడైనా ఏమి చేయగలడు? మా ఇళ్ళలో నికాహ్ జరిగేటప్పుడు వధువు అంగీకారం తెలుసుకొని రావడానికి వకీలు ఉంటాడు, వినడానికి సాక్షులు వేరుగా ఉంటారు, ఖుత్బా చదివే ఖాజీ వేరుగా ఉంటాడు. ఒక్క గంటలో ముగిసే శుభకార్యానికే ఇందరిని విడివిడిగా కూర్చోబెట్టిన మనం, ఒక మనిషి అన్నం గిన్నెకు సంబంధించిన వ్యవహారంలో అన్ని పాత్రలూ ఒక్కరికే అప్పగించాం.

ఇది ఎప్పుడూ ఇట్లాగే ఉన్నదని అనుకోరాదు. ఒకప్పుడు మిల్లులలో ఉద్యోగ వ్యవహారం మొత్తం మేస్త్రీ చేతిలో ఉండేది. పనిలో పెట్టుకొనేది అతడు, తీసివేసేది అతడు, సెలవిచ్చేది అతడు, మామూలు పుచ్చుకొనేదీ అతడే. విట్లే అధ్యక్షతన పనిచేసిన రాజకీయ కార్మిక సంఘం, అంటే బ్రిటిష్ రాజు నియమించిన రాయల్ కమిషన్, 1931లో ఇచ్చిన నివేదికలో ఈ వ్యవస్థను గట్టిగా ఖండించి, నియామకాలనూ తొలగింపులనూ మేస్త్రీల చేతి నుండి తప్పించి ‘లేబర్ ఆఫీసర్’ అనే అధికారికి అప్పగించవలెనని సిఫారసు చేసింది. అతడు చదువుకొన్నవాడు, కార్మికుల భాష తెలిసినవాడు, వారి విశ్వాసం పొందగలవాడు కావాలని ఆశించారు. 1936లో బొంబాయిలో టాటాల సమాజసేవా విద్యాలయం వెలిసింది. అటువంటి చోట్ల చదివినవారు క్రమంగా మిల్లులలోనికి వచ్చారు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1948 నాటి కర్మాగారాల చట్టం 49వ సెక్షను, అయిదు వందల మంది, అంతకు మించి కార్మికులున్న ప్రతి కర్మాగారంలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండి తీరాలన్నది. జీతమిచ్చేది యజమాని, అయితే అర్హతలనూ విధులనూ నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం. ఈ మెలికలో గొప్ప వివేకం ఉన్నది. పలు రాష్ట్రాలు చేసిన నియమాలలో ఒక వాక్యం నాకు ఎంతో నచ్చింది. వెల్ఫేర్ ఆఫీసర్ కార్మికుల మీద క్రమశిక్షణ చర్యలు చేపట్టరాదు, రాజీ అధికారి ముందు గాని న్యాయస్థానంలో గాని యాజమాన్యం పక్షాన కార్మికునికి వ్యతిరేకంగా నిలబడరాదు అన్నది దాని సారం. కొన్ని రాష్ట్రాలలో ఆ అధికారిని యజమాని తన ఇష్టం వచ్చినట్లు తొలగించడానికి కూడా వీలు లేకుండా చేశారు. పంజాబు నియమాల క్రింద ఒక సిమెంటు కంపెనీ తొలగించిన వెల్ఫేర్ ఆఫీసర్ రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకొన్న వ్యవహారం సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. అటువంటి అప్పీలు వినేటప్పుడు ప్రభుత్వం కేవలం కార్యాలయం కాదు, ఒక ట్రిబ్యునల్ అని ఆ కోర్టు 1964 చివరలో తీర్పు చెప్పింది. జీతమిచ్చే చేతిని కరవకుండానే ఆ చేతికి లొంగకుండా ఉండగల మనిషి ఒకడు కావాలని ఆనాటి చట్టం భావించిందని దీనివల్ల తెలుస్తున్నది.

మరి కాగితం మీది ఆ మనిషి ఏమైనాడు? లేబర్ ఆఫీసర్, వెల్ఫేర్ ఆఫీసర్, పర్సనల్ ఆఫీసర్ అనే ముగ్గురూ కాలక్రమాన ఒక్కరిలో లీనమై ‘మానవ వనరుల అధికారి’ అవతరించాడు. మనిషిని ‘వనరు’ అనడం భాష తెలిసినవారికి రుచించే మాట కాదు. బొగ్గు వనరు, నీరు వనరు. వాటికి సంజాయిషీ చెప్పుకొనవలసిన అవసరం ఉండదు. అది అలా ఉంచుదాం. పెద్ద కంపెనీలలో ఈ అధికారి వెనుక లా డిపార్టుమెంటు ఒకటి ఉంటుంది. అందులో జీతానికి పనిచేసే లా ఆఫీసర్ న్యాయశాస్త్రం చదివినవాడే అయినా, పూర్తికాలపు జీతగాడు న్యాయవాద వృత్తి చేయరాదన్న బార్ కౌన్సిల్ నియమం వల్ల సాధారణంగా నల్లకోటు వేసుకొని కోర్టులో వాదించడు. బయటి వకీళ్ళకు ఫైళ్ళు అందిస్తాడు, ఛార్జిషీట్ల భాష దిద్దుతాడు. చిన్న కంపెనీలలో ఇదేమీ లేదు. ప్రావిడెంట్ ఫండ్, ఇ.ఎస్.ఐ. లెక్కలు నింపే కన్సల్టెంటు నెలకోసారి వస్తాడు. మిగిలిన రోజులలో చట్టమంతా అకౌంటెంటు సొరుగులో ఉంటుంది. మునీములే మన తొలి హెచ్.ఆర్. అధికారులు అని ఒక మిత్రుడు హాస్యమాడాడు. అది పూర్తిగా హాస్యం కాదు.

ఇందులో మరొక విచిత్రం ఉన్నది. ఉద్యోగ భద్రత నిచ్చే పారిశ్రామిక వివాదాల చట్టం ‘వర్క్‌మన్’ అన్నవానికే వర్తించేది. నిర్వాహక, పాలనా బాధ్యతలు గలవారిని అది వెలుపలనే ఉంచింది. ఇప్పటి కొత్త స్మృతి కూడా అంతే. కావున ఇతరుల మీద ఆ చట్టాన్ని ప్రయోగించే హెచ్.ఆర్. అధికారికి తన ఉద్యోగం పోయినప్పుడు దాని నీడ దొరకదు. ఉదయం అతనిచేత ఇరవై మందికి తొలగింపు ఉత్తరువులు ఇప్పించి సాయంత్రం అతనికే ఒకటి ఇచ్చినా కార్మిక న్యాయస్థానం తలుపు తట్టలేడు. భయపడుతున్న మనిషిని నిష్పక్షపాతంగా ఉండమనడం మాటవరుసకే. మన విద్యార్థులలో ఆ ఉద్యోగం కోరుకొనేవారు ఈ సంగతి తెలుసుకొని చేరడం మంచిది.

ఆ వృత్తిలో ఉన్న నా మిత్రుడు ఒకడు ఈ వాదాన్ని ఒప్పుకోడు. “మీరు పుస్తకంలో కూర్చుని మాట్లాడుతున్నారు, భాయ్” అంటాడు. గర్భిణికి ఇరవై ఆరు వారాల సెలవు ఇప్పించేది, ఆగిపోయిన ఇంక్రిమెంటు కదిలించేది, మేనేజరు నోటి దురుసును ఎవరికీ తెలియకుండా సర్దేది తామే గదా, తమను వేరు చేస్తే ప్రతి చిన్న మాటా కోర్టుకెక్కదా అని అతని ప్రశ్న. ఇందులో నిజం లేకపోలేదు. మన తెలుగువాడైన వి.వి. గిరి జీవితమంతా చెప్పిన మాట కూడా దీనికి దగ్గరదే. వివాదాలను తీర్పులకు వదలక ఉభయ పక్షాలు ఎదురెదురుగా కూర్చుని పరిష్కరించుకొనాలన్న ఆయన పద్ధతికి ‘గిరి మార్గం’ అనే పేరే వచ్చింది. బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం మార్చినందుకు 1954లో కార్మిక మంత్రి పదవిని వదలుకొన్న మనిషి ఆయన. అయితే గిరి కోరినది ఉభయ పక్షాలు కూర్చోవడం. ఒక పక్షమే రెండు కుర్చీలలోనూ కూర్చోవడం కాదు. సర్దుబాటు చేసే అధికారి ఉండవలసినదే. అతడు తాను యాజమాన్యం మనిషినని మొదటి మాటగా చెప్పాలి. ఆ కుర్రవానికి టీ ఇచ్చేముందు “నీవు చెప్పేది నేను రాసుకొంటాను, అది నీ మీద వాడవచ్చు” అని ఒక్క మాట చెప్పి ఉంటే నాకు ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు.

ఆ తరువాత జరిగిన విచారణ సంగతి. కంపెనీ పక్షాన న్యాయశాస్త్ర పట్టభద్రుడైన అధికారి కూర్చున్నాడు. మనవాడు తనకు చట్టం తెలిసిన తోడు కావాలని రాసి ఇచ్చాడు. తోటి ఉద్యోగిని తెచ్చుకొమ్మన్నారు. యాజమాన్యం తన వైపు న్యాయశిక్షణ గలవారిని నిలిపినప్పుడు ఉద్యోగికి వకీలు సాయం నిరాకరించడం సహజ న్యాయానికి విరుద్ధమని సుప్రీం కోర్టు ఏనాడో బొంబాయి పోర్టు ట్రస్టు కేసులో చెప్పింది. ఈ మాట నాకు అప్పుడు తెలియదు, తెలిసిన వకీలును అడిగేటప్పటికి విచారణ ముగిసింది. కంపెనీలో ఆ తీర్పు తెలిసినవారు తప్పక ఉండి ఉంటారు. తెలిసినా చెప్పవలసిన బాధ్యత వారిలో ఎవరిదీ కాదు. నేను అంటున్నది ఇదే.

భాష సంగతి మరొకటి. అతని జవాబును నేను తెలుగులో రాసి ఇచ్చాను. నా తెలుగు మరీ గ్రాంథికంగా ఉన్నదేమో గాని, కంపెనీ దానిని ‘ఆంగ్లంలో సమర్పించవలెను’ అనే చీటీతో తిప్పి పంపింది. స్టాండింగ్ ఆర్డర్లను ఆంగ్లంతో పాటు కార్మికులలో అధిక సంఖ్యాకులకు తెలిసిన భాషలో కూడా ద్వారం దగ్గర ప్రదర్శించాలని 1946 నాటి చట్టం చెప్పింది. ఆ కర్మాగారం ద్వారం దగ్గర నేను స్వయంగా చూసినది ‘పొగత్రాగరాదు’ అన్న తెలుగు బోర్డు ఒక్కటే. నిషేధాలకు తెలుగు, నియమాలకు ఆంగ్లం! ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన మన పిల్లల గతి మరింత కష్టం. వారు నోటీసును మొదట తెలుగువాడిచేత చదివించుకొని, అతడు చెప్పినది తమ మనసులో ఉర్దూలోనికి మార్చుకొని, జవాబు కోసం ఆంగ్లం వచ్చినవాని ఇంటికి వెళ్ళాలి. అప్పటికి గడువు దాటుతుంది.

2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాలు ఇరవై తొమ్మిదింటి స్థానంలో నాలుగు కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చాయి. మంచీ చెడూ రెండూ ఉన్నవి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలన్నారు, చాలా మంచిది. పని మానినా, మాన్పించినా రావలసిన వేతనం రెండు పనిదినాలలో చెల్లించాలన్నారు, ఇదీ మంచిదే. సంక్షేమాధికారి ఉండవలసిన సంఖ్యను అయిదు వందల నుండి రెండు వందల యాభైకి తగ్గించారు. మనవాని కర్మాగారానికి ఆనాడు అక్కరలేని అధికారి ఈనాడు అవసరమైనాడు. కాని స్టాండింగ్ ఆర్డర్లు మూడు వందల మందికి తక్కువైన చోట తప్పనిసరి కాకుండా పోయాయి. పూర్వం కేంద్ర చట్టంలో ఆ సంఖ్య నూరు. అంటే వెల్ఫేర్ ఆఫీసర్ ఉండి, అతడు చూపించడానికి నియమాల పుస్తకం లేని కర్మాగారాలు కొన్ని ఉండబోతున్నవి.

నా భయం సంఖ్యల గురించి కాదు. ఆ కొత్త అధికారి కుర్చీని కూడా తెచ్చి హెచ్.ఆర్. గదిలోనే వేస్తారేమోనని. క్రమశిక్షణ చర్యలలో సంక్షేమాధికారి తలదూర్చరాదన్న ఆ పాత వాక్యాన్ని కొత్త నియమాలలో ఎక్కడా జారవిడువరాదు. ఆ ఒక్క వాక్యం పోతే మిగిలిన పదవి అలంకారం.

ఇరవై మంది, అంతకు మించి కార్మికులున్న ప్రతి పరిశ్రమలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని స్మృతి చెబుతున్నది. యాజమాన్యం నుండి, కార్మికుల నుండి సమాన సంఖ్యలో సభ్యులు; అధ్యక్ష స్థానం ఏడాదికొకసారి చేతులు మారుతుంది. నిర్మాణం బాగున్నది, లోపం ఒక్కటి. బయటి మనిషి లేడు. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో చేసిన చట్టం ఈ విషయంలో ఎంతో మెరుగు. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ, దానికి స్త్రీ అధ్యక్షురాలు, సభ్యులలో సగానికి తగ్గకుండా స్త్రీలు, వారితో పాటు వెలుపలి నుండి ఒక సభ్యుడో సభ్యురాలో. వెలుపలివారిని నామినేట్ చేసేది కూడా యజమానే కదా అంటే, నిజమే. ఆ చట్టం సర్వాంగసుందరమని నేను అనడం లేదు. అయినా నెలజీతం అక్కడ పుచ్చుకోని మనిషి ఒకరు గదిలో కూర్చుంటే ఆ గది గాలి మారుతుంది. పరీక్ష హాలులోనికి బయటి కళాశాల అధ్యాపకుడు అడుగుపెట్టినప్పుడు మన హాలు ఎట్లా మారుతుందో మనకు తెలియనిది కాదు. ఆ బయటి కుర్చీని ఫిర్యాదుల కమిటీలోనూ వేయాలని నా అభిప్రాయం. చిన్న పరిశ్రమలు ముగ్గురు అధికారులను పోషించలేవన్న మాట ఒప్పుకొంటాను. నెలకు రెండు గంటలు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడినో, విశ్రాంత లేబర్ ఆఫీసరునో పిలవడానికి పోషించే శక్తి అక్కరలేదు, ఇష్టం ఉంటే చాలు.

ఇక ఆ కుర్రవాని సంగతి. చివరికి అతనికి రెండు ఇంక్రిమెంట్లు ఆపివేశారు. ఉద్యోగం నిలిచింది. తల్లి కోలుకొన్నది. మొన్న బక్రీదు పండుగకు మా ఇంటికి వచ్చినప్పుడు, రిజిస్టరులో సంతకం చేసిన ఆ స్నేహితుని గురించి అడిగాను. నాకు ఇంతకాలమూ అతడూ అదే కంపెనీ ఉద్యోగి అన్న అభిప్రాయం ఉండేది. కాదట. గేటు దగ్గర పనిచేసే కాంట్రాక్టు మనిషి. ఛార్జిషీటు వచ్చిన మరునాడే కాంట్రాక్టరు సూపర్‌వైజరు ఫోను చేసి రేపటి నుండి రావద్దన్నాడట. ఫోను పెట్టేయడానికి ముందు కారణం ఏమిటని ఆ మనిషి అడిగాడో లేదో మనవానికీ తెలియదు. అతనికి నోటీసు రాలేదు, విచారణ జరగలేదు, హెచ్.ఆర్. గదిలో టీ ఎవరూ ఇవ్వలేదు. అతని పేరు ఆ కంపెనీ ఫైలులో ఒకే ఒక్క చోట ఉన్నది, మనవాడు చెప్పగా ఆ మేడం రాసుకొన్న కాగితంలో.